స్ట్రాబెర్రీ ఆకుల అంచులు మాడిపోతున్నాయి, ఎనిమిదిలో రెండు పోయాయి

మేడమీద_మల్లి
నవంబరు రెండో వారంలో నర్సరీ మేళాలో ఎనిమిది స్ట్రాబెర్రీ మొక్కలు కొన్నాను, ఒక్కొక్కటి 60 రూపాయలు. "వింటర్ డాన్ రకం అమ్మా, నెలన్నరలో పండ్లు" అన్నాడు అమ్మినతను. నాలుగు వారాలయింది. రెండు మొక్కలు నడుమ కుళ్ళి, పట్టుకుంటే చేతికి ఊడి వచ్చేశాయి. మిగతా ఆరింటికీ ఆకుల అంచులు కాగితం కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతున్నాయి. ఆకు నడిమి భాగం మాత్రం పచ్చగానే ఉంది. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమానంగా కలిపాను. ఎండ మధ్యాహ్నం ఒంటిగంట దాకా పడుతుంది. నిరుడు ఇదే మేడ మీద టమాటాలు బుట్టలకొద్దీ కాశాయి కాబట్టి నాకు చేతకాదని మాత్రం అనకండి. మా అత్తగారు రోజూ సాయంత్రం మేడ ఎక్కి "ఇంకా ఎర్రబడలేదా?" అని అడిగి దిగిపోతున్నారు. పూతే లేదు, ఎర్రబడేదేమిటి! మాది హైదరాబాదు, ఉప్పల్ వైపు.

ఎండుమిర్చి
ఎనిమిది అరవైలు 480. ఆ డబ్బుతో బండి మీద నాలుగైదు డబ్బాలు వచ్చేవి. ఊరికే లెక్క చెప్పాను, తిట్టకండి.

నిజాంపేట_నారు
తిడతాం. ప్రతి చర్చలోనూ ఈ లెక్క చెబుతారు మీరు. పోయిన నెల కొత్తిమీర మీద కూడా ఇదే లెక్క చెప్పారు.

బోటనీ_మాస్టారు
మల్లి గారూ, మూడు ప్రశ్నలు. మొక్కను ఎంత లోతున నాటారు? పోస్తున్న నీళ్ళు ఎక్కడివి? ఇంకేమైనా ఎరువు వేశారా? వీటికి జవాబు వచ్చేదాకా దయచేసి ఎవరూ మందుల పేర్లు చెప్పవద్దు.

కొత్తచిగురు
అరటితొక్క నానబెట్టిన నీళ్ళు పోయండి, అన్నిటికీ పనిచేస్తుంది.

బోటనీ_మాస్టారు
ఇప్పుడే కదా అన్నాను.

మేడమీద_మల్లి
మాస్టారూ, టమాటా నారు నాటినట్టే కాస్త లోతుగా, కాడలు సగం మునిగేలా నాటాను. టమాటాకు అలా చేస్తే వేళ్ళు ఎక్కువ వస్తాయి కదా. ఎరువు ఇంకేమీ వేయలేదు. నీళ్ళంటారా, వంటింట్లో ఆర్వో యంత్రం నుంచి వృథాగా పోయే నీళ్ళు బకెట్లో పట్టి అవే పోస్తున్నాను. రోజుకు రెండు బకెట్లు మోరీ పాలు కావడం చూడలేక ఈ ఏడాదే మొదలుపెట్టాను.

నిజాంపేట_నారు
అయ్యో.

బెంగళూరు_బాల్కనీ
దొరికాడు దొంగ.

బోటనీ_మాస్టారు
రెండు తప్పులు, రెండూ మంచి ఉద్దేశంతో చేసినవే.

మొదటిది లోతు. స్ట్రాబెర్రీకి ఆకుల కాడలన్నీ కలిసే చోట ఒక బొడిపె ఉంటుంది. దాన్నే క్రౌన్ అంటారు. ఆ మొక్కకు కాండమంటే అదే. కొత్త ఆకు, పూత, తీగ అన్నీ దాని నడినెత్తిలోంచే రావాలి. అది మట్టిలో మునిగితే తడికి కుళ్ళుతుంది, మరీ పైకి తేలితే వేళ్ళు ఎండుతాయి. మట్టి మట్టం ఆ బొడిపె సగానికి ఉండాలి. టమాటా కాండం మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది, దీనికి ఆ ఓపిక లేదు. మీ రెండు మొక్కలు పోయింది అందుకే.

రెండోది నీళ్ళు. ఆర్వో యంత్రం మంచినీళ్ళు మీకిచ్చి, వాటిలోంచి తీసిన లవణాలను వృథా నీళ్ళ గొట్టంలోకి తోస్తుంది. అంటే మీ బకెట్లో పడేది అసలు నీళ్ళకంటే ఉప్పన. ఉప్పును ఏమాత్రం ఓర్వని పంటల్లో స్ట్రాబెర్రీది మొదటి వరుస, ఫ్రెంచ్ బీన్స్ దాని పక్కనే. టమాటా అయితే కొంతవరకు సర్దుకుపోయేది. నీరు వేరు నుంచి ఆకు అంచు దాకా ప్రయాణించి అక్కడ ఆవిరవుతుంది, మోసుకొచ్చిన ఉప్పు మాత్రం అక్కడే దిగబడుతుంది. అంచు మాడి, నడుమ పచ్చగా ఉండటం దాని గుర్తు. తెగులైతే మచ్చలు ఇంత వరుసగా అంచు పట్టుకుని రావు.

మేడమీద_మల్లి
పక్కింటి అబ్బాయి దగ్గర నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటే అరువు తెచ్చాను. మా బోరు నీళ్ళు 880. ఆర్వో వృథా నీళ్ళు 1,610. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్ళు 240. మీటరు వైపు చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయాను. నెల రోజులుగా పాపం వాటికి పోసింది ఇదా!

ఎండుమిర్చి
ఇంకాస్త కారం వేసి ఉంటే ఊరగాయ అయ్యేది.

రైతుబిడ్డ
కంగారు పడకండి, ఆరు మొక్కలున్నాయి కదా. సంచి అడుగున రంధ్రాలు బాగా ఉన్నాయో లేదో చూసుకుని మంజీరా నీళ్ళతో కడిగేయండి. కడగడమంటే ఆకుల్ని కాదు, మట్టిని. పది లీటర్ల సంచైతే ఇరవై, ముప్ఫై లీటర్లు నెమ్మదిగా పోసి అడుగునుంచి పూర్తిగా కారనివ్వాలి. ఒకేసారి కాదు, గంట గంటకూ విడతలుగా. తర్వాత పైమట్టి అంగుళం లోతున తడారేదాకా మళ్ళీ పోయవద్దు. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. కొత్తగా వచ్చే ఆకు అంచు చూడండి, మీ ఫలితం అక్కడ తెలుస్తుంది.

నిజాంపేట_నారు
లోతుగా నాటినవాటిని పీకి మళ్ళీ నాటాలా?

రైతుబిడ్డ
పీకవద్దు. చెంచాతో బొడిపె చుట్టూ మట్టి తోడేసి సాసరు లోతున పల్లం చేస్తే చాలు. వేరు కదిలితే మళ్ళీ పది రోజులు బెంగపెట్టుకుంటుంది.

జెర్సీ_పెరడు
మాది న్యూజెర్సీ, పెరట్లో పన్నెండేళ్ళుగా పెంచుతున్నాను. మల్లి గారికి ఒక ముఖ్యమైన సలహా. మొదటి ఏడాది వచ్చే పూలన్నీ గిల్లేయండి. మనసు ఒప్పదు కానీ గిల్లాలి. అప్పుడే మొక్క వేరు మీద బలం పెడుతుంది, రెండో ఏడాది నుంచి మూడు నాలుగేళ్ళు విరగకాస్తుంది. చలికాలం ముందు ఎండుగడ్డి కప్పి పడుకోబెట్టాలి, వసంతంలో తీయాలి. మాకు జూన్‌లో మూడు వారాలు ఇంట్లో గిన్నెలు చాలవు.

నిజాంపేట_నారు
దయచేసి ఈ సలహా హైదరాబాదుకు పంపకండి! వీడియోల్లో చూసి నేను చేసిన పని ఇదే. మొదటి ఏడాది జనవరి అంతా పూలు గిల్లాను. ఫిబ్రవరిలో కూడా గిల్లాను, బలం పట్టాలని. మార్చిలో ఎండ ముదిరింది, ఏప్రిల్ పదికల్లా మొక్కలు చీపురుపుల్లలయ్యాయి. ఒక్క పండు నోట్లో పెట్టుకోకుండా ఏడాది గడిచింది. మీ ఊళ్ళో మొక్కకు రెండో ఏడాది ఉంటుంది, మా మేడ మీద దానికి మే నెలే ఉండదు.

జెర్సీ_పెరడు
నిజమే, ఆ సంగతి నాకు తోచలేదు. మంచు కింద నాలుగు నెలలు బతికే మొక్క ఎండకు చచ్చిపోతుందని ఊహించడం కష్టం. మా అమ్మ బెజవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "మీ గడ్డిపండ్లు కాశాయా" అని అడుగుతుంది, ఆవిడకు అక్కడ నాటమని చెప్పబోయాను. నయం, చెప్పలేదు.

కొత్తచిగురు
గడ్డిపండు! పేరు బాగుంది. తెలుగులో వేరే పేరేమైనా ఉందా అసలు?

బోటనీ_మాస్టారు
లేదు, ఉండే అవకాశమూ తక్కువ. మనం తినే ఈ పెద్ద పండు ఎక్కడా అడవిలో పుట్టింది కాదు. ఉత్తర అమెరికా జాతి ఒకటి, చిలీ జాతి ఒకటి ఫ్రాన్స్ తోటల్లో కలిసి 18వ శతాబ్దంలో పుట్టిన సంకరం ఇది. చిలీ మొక్కల్ని 1714లో ఓడలో తెచ్చినవాడు ఫ్రేజియే అనే ఫ్రెంచ్ సైనిక ఇంజనీరు. కోటలను గమనించి రమ్మని పంపితే మొక్కలు కూడా పట్టుకొచ్చాడు.

ఎండుమిర్చి
మా బావమరిది కూడా అంతే. పాలకు పంపితే గులాబీ మొక్కతో వస్తాడు.

బెంగళూరు_బాల్కనీ
నిజాంపేట గారితో నాకు పేచీ ఉంది. "మే నెలే ఉండదు" అని అంత గట్టిగా అనకండి. నా దగ్గర మూడో ఏడు నడుస్తున్న మొక్కలున్నాయి. ఏప్రిల్, మేలలో ఉదయం ఎండ మాత్రమే తగిలే చోటికి జరుపుతాను, మట్టి మీద కొబ్బరిపీచు కప్పుతాను, పాత ఆకులు కత్తిరిస్తాను. పండ్లు రావు కానీ మొక్క చావదు. జూన్ వానలకు తీగలు సాగుతాయి, ఆ కణుపులకు చిన్న కుండీలు పెడితే ఉచితంగా కొత్త మొక్కలు.

నిజాంపేట_నారు
మీ ఊళ్ళో మేలో రాత్రిపూట ఫ్యాను తగ్గించుకుంటారు. ఇక్కడ రాత్రి పదకొండుకు కూడా మేడ గచ్చు మీద చెప్పులు లేకుండా నిలబడలేం. నేను షేడ్‌నెట్ వేశాను, తడిగోనె కట్టాను, ఇరవై మొక్కల్లో బతికింది ఒక్కటి. అది కూడా అక్టోబరు దాకా కోలుకోలేదు. ఇప్పుడు బంతి, చామంతి లాగే చూస్తాను. అక్టోబరులో తేవడం, మార్చి దాకా తినడం, ఏప్రిల్‌లో ఎరువుకుండీలో వేయడం.

బెంగళూరు_బాల్కనీ
బతికున్న మొక్కను పారేయడం నావల్ల కాదు.

మన్యం_మంచు
మాది పాడేరు. మొక్కను ఏటా మార్చడం పాపమేమీ కాదండీ. లంబసింగి తోటలకు చలికాలంలో వెళితే చూడండి, వరుసల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, చిల్లుల్లో మొక్కలు పెట్టి, కింద డ్రిప్ నడుపుతారు. అక్కడ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, డిసెంబరు తెల్లవారుజామున వేళ్ళు కొంకర్లు పోయే చలి. నేను పోయిన తోటలో సీజన్ అయ్యాక మొక్కలు తీసేస్తామనే చెప్పారు. దేశంలో స్ట్రాబెర్రీకి పెద్ద పేరున్న మహాబలేశ్వరంలో కూడా ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో కొత్త మొక్కలే నాటుతారు. కొండ మీద వాన విపరీతం కాబట్టి ఆ నారును కింద ఉన్న వాయి అనే ఊరి వైపు నర్సరీల్లో పెంచి పైకి తెస్తారు. కోట్ల వ్యాపారం చేసేవాళ్ళే ఏటా మారుస్తుంటే ఎనిమిది కుండీలకు బెంగ ఎందుకు?

బోటనీ_మాస్టారు
మన్యం గారి మాటకు ఒక ముక్క చేరుస్తాను. మన దగ్గర అమ్మే రకాల్లో వింటర్ డాన్, స్వీట్ చార్లీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో తయారైనవి, కామరోజా కాలిఫోర్నియాది. ఇవన్నీ పగలు కుదించుకుపోయి చల్లబడినప్పుడు పూసేవి. జెర్సీ వారి మొక్క మంచులో నిద్రపోయి లేచి పూస్తుంది, మన మొక్క మన చలికాలంలోనే పూసి కాస్తుంది. కనుక మల్లి గారూ, పూత వస్తే గిల్లవద్దు. మొదటి ఒకటి రెండు పూలు, మొక్క మరీ నీరసంగా ఉంటే, సరే.

కొత్తచిగురు
నాకు మాత్రం ఒకటి విపరీతంగా అల్లుకుపోయింది, ఎండకు కూడా చావలేదు! ఆన్‌లైన్లో విత్తనాలు తెప్పించి మొలిపించాను. పసుపుపచ్చ పూలు, చిన్న గుండ్రటి ఎర్రటి పండ్లు, నిటారుగా ఆకాశంలోకి చూస్తుంటాయి. రుచి మాత్రం ఏమీ లేదు, నీళ్ళలా ఉంది. ఎరువు తక్కువైందంటారా?

బోటనీ_మాస్టారు
పువ్వు పసుపా? అయితే అది స్ట్రాబెర్రీ కాదు, దాని వేషం వేసుకున్న చుట్టం. హిమాలయాల నుంచి తూర్పు ఆసియా దాకా పెరిగే కలుపు మొక్క. స్ట్రాబెర్రీ పువ్వు తెలుపు, పండు బరువుకు తల వంచుతుంది. మీది విషమేమీ కాదు, రుచి మాత్రం ఎంత ఎరువు వేసినా రాదు.

కొత్తచిగురు
ఎనిమిది నెలలు పెంచాను. చుట్టాలకు పంచాను కూడా.

ఎండుమిర్చి
నీలం రంగు స్ట్రాబెర్రీ విత్తనాలు కొన్నవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చేతులెత్తండి. ఒకేసారి ఓదార్చేద్దాం.

పద్నాలుగో_అంతస్తు
(మెల్లగా చెయ్యెత్తుతూ) వంద విత్తనాలు, మొలిచింది ఒక్కటే, అది తోటకూర.

సరే, నా అసలు సమస్య వేరు. నర్సరీ మొక్కలకు పండ్లు వస్తున్నాయి కానీ ఒక్కటీ స్ట్రాబెర్రీ ఆకారంలో లేదు. ఒకవైపు ఉబ్బి, ఒకవైపు గింజలన్నీ దగ్గరగా ముడుచుకుని కాలీఫ్లవర్ ముక్కలా ఉంటున్నాయి. బాల్కనీకి పావురాల వల కట్టించాం. తెగులా?

నిజాంపేట_నారు
తెగులు కాదు, తేనెటీగ లేదు. మీ అంతస్తుకు అది లిఫ్టులో రావాలి. పిల్లల రంగుల పెట్టెలోంచి మెత్తని కుంచె తీసుకోండి. పువ్వు నడుమ పచ్చటి గుత్తి చుట్టూ పసుపు పుప్పొడి తిత్తులు ఉంటాయి. బయటి నుంచి లోపలికి గుండ్రంగా రెండు చుట్లు తిప్పండి. ఉదయం పది, పదకొండు మధ్య, వరుసగా మూడు రోజులు.

బోటనీ_మాస్టారు
కారణం కూడా చెబుతాను. పైన గింజల్లా కనిపించేవే నిజానికి కాయలు, ఎర్రటి గుజ్జు పువ్వు పీఠం ఉబ్బినది. ఒక పండు మీద సుమారు రెండు వందల గింజలు ఉంటాయి. పుప్పొడి అందిన ప్రతి గింజా తన కింది గుజ్జును ఉబ్బమని సంకేతమిస్తుంది. అందని చోట గుజ్జు పెరగదు, గింజలు గుంపుగా మిగిలిపోతాయి. పండు వంకర చూసి కుంచె ఎటువైపు తగల్లేదో చెప్పవచ్చు.

మేడమీద_మల్లి
డిసెంబరు చివరి కబురు. కడిగాను, పల్లం తీశాను, ఆర్వో బకెట్టు ఇప్పుడు గచ్చు కడగడానికి మాత్రమే. మూడో వారానికి కొత్త ఆకులు వచ్చాయి, అంచు పచ్చగా, రంపపు పళ్ళతో సహా శుభ్రంగా. నిన్న ఒక మొక్క నడిమిలో, ముడుచుకున్న ఆకు వెనక, శనగగింజంత నూగు మొగ్గ. అత్తగారికి ఇంకా చెప్పలేదు.

రైతుబిడ్డ
మొగ్గ కనిపించింది కదా అని ఎరువు కుమ్మరించకండి. నత్రజని ఎక్కువైతే ఆకు గొడుగులా లేస్తుంది, పండు నీరసపడుతుంది. మొక్కకు పదిహేను రోజులకో గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. ఇప్పుడే మట్టి మీద వరిగడ్డి రెండు అంగుళాల మందాన పరచండి. పండు తడిమట్టికి తగిలితే రాత్రికి రాత్రి బూజు పడుతుంది. గడ్డి కింద నత్తలు చేరతాయి, వారానికోసారి ఎత్తి చూడండి.

కొత్తచిగురు
అరటితొక్క నీళ్ళు?

రైతుబిడ్డ
తొక్కను ఎరువుకుండీలో వేయండి. అది కుళ్ళాక అందులోని పొటాష్ మొక్కకు అందుతుంది. నీళ్ళలో నానబెడితే ఎక్కువగా వచ్చేవి దోమలు.

పద్నాలుగో_అంతస్తు
కుంచె పనిచేసింది! మొదటి బొద్దు పండు. ఫోటో తీస్తుండగా మా చిన్నది తినేసింది. తొడిమె ఫోటో ఉంది, పెట్టమంటారా?

నిజాంపేట_నారు
మల్లి గారూ, మీ మేడ పైకి రాబోయే పిగిలిపిట్ట గురించి కూడా ఆలోచించండి. రేపు కోద్దామని మీరు అనుకునే రోజు దానికి తెలుసు. పండు లేతగా ఉన్నప్పుడే పెళ్ళిళ్ళలో వక్కపొడి ఇచ్చే పల్చటి వలసంచి తొడిగి తాడు బిగించండి. మా ఇంట్లో అవి డ్రాయరు నిండా ఉన్నాయి, ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

జెర్సీ_పెరడు
మేం గులకరాళ్ళకు ఎర్రరంగు వేసి, పండ్లు రాకముందే మొక్కల మధ్య పెడతాం. పక్షులు వచ్చి పొడిచి, ముక్కు నొప్పి పుట్టి, ఇవి తినేవి కావని వెళ్ళిపోతాయి.

ఎండుమిర్చి
మేమూ పెట్టాం. పక్షులు మోసపోలేదు. మా మామగారు కళ్ళద్దాలు లేకుండా వెళ్ళి ఒకటి కొరికారు.

మేడమీద_మల్లి
ఫిబ్రవరి మొదటి వారం. మొత్తం పదకొండు పండ్లు వచ్చాయి ఇప్పటిదాకా. మొదటిది అత్తగారికే ఇచ్చాను. కొరికి, కన్ను ఒకటి మూసి, "పులుపు బాగుంది, పచ్చడికి పనికొస్తుంది" అన్నారు. భుజాల దగ్గర తెల్లగా ఉండగా కోసేశాను, డబ్బాలో పెడితే ఎర్రబడుతుందని. రంగు కాస్త వచ్చింది, తీపి రాలేదు.

బోటనీ_మాస్టారు
రాదు. మామిడి, అరటి కోశాక పండుతాయి. స్ట్రాబెర్రీ కోసిన క్షణం దగ్గరే దాని తీపి ఆగిపోతుంది. తొడిమె కింద దాకా ఎర్రబడ్డాక ఇంకో రోజు ఆగండి. బండి మీది పండు పుల్లగా ఉండేది అందుకే, ప్రయాణానికి ఓర్చాలని ముందే కోస్తారు. ఎండుమిర్చి గారి 480 లెక్కలో ఈ ఒక్క రోజు లేదు.

ఎండుమిర్చి
ఒప్పుకున్నాను. పచ్చడి సంగతి ఏమైంది?

మేడమీద_మల్లి
చేశారు! అయిదు పుల్లటి పండ్లు, రెండు పచ్చిమిర్చి, ఉప్పు, చిటికెడు బెల్లం కచ్చాపచ్చాగా దంచి, ఆవాలు, మెంతులు, ఇంగువ పోపు. నూరినంత సేపూ ఎర్రగా మెరిసింది, పోపు పడగానే కాస్త నల్లబడింది. దోసెలోకి బాగుంది. మాగాయతో పోల్చవద్దని మాత్రం మా ఆయన అన్నారు.

నిజాంపేట_నారు
ఎండ పెరుగుతోంది, ఆకు అడుగు చూస్తూ ఉండండి. పైన దుమ్ము పట్టినట్టు తెల్లటి చుక్కలు, అడుగున సన్నటి సాలెగూడు ఉంటే ఎర్రనల్లి. ముందు ఆకుల అడుగుకు తగిలేలా నీళ్ళు జోరుగా కొట్టండి. తగ్గకపోతే సాయంత్రం పూట లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు. పూల మీద పడనివ్వకండి.

మేడమీద_మల్లి
మార్చి మూడో వారం. పండ్లు చింతగింజంత అయిపోయాయి, మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతున్నాయి. ఆరు మొక్కలూ బతికే ఉన్నాయి, ఒకటి తీగ కూడా వేసింది. నిజాంపేట గారి మాట ప్రకారం ఎరువుకుండీలో వేయాలి. మూడు రోజులుగా మేడ ఎక్కి, చూసి, ఏమీ చేయకుండా దిగుతున్నాను. ఇప్పుడు అత్తగారు అడిగేది మారింది: "ఇంకా పీకలేదు కదా?"

బెంగళూరు_బాల్కనీ
పీకకండి. మీ తమ్ముడు మా ఊళ్ళోనే ఉన్నాడని ఉగాది చర్చలో రాశారు కదా. వేళ్ళు కడిగి, తడి కోకోపీట్‌లో చుట్టి, రాత్రి బస్సులో వచ్చేవాళ్ళెవరికైనా ఇవ్వండి. ఆరింటికీ నా బాల్కనీలో వేసవి విడిది. అక్టోబరులో తిరిగి పంపుతాను.

నిజాంపేట_నారు
ఇది మోసం. వాదన గెలవడం కోసం మొక్కల్ని ఊరు దాటిస్తున్నారు.

మేడమీద_మల్లి
అద్దె ఎంత?

బెంగళూరు_బాల్కనీ
రెండు పిలకలు, ఆ పచ్చడి ఒక సీసా.